జీర్ణాశయంలోని ఆమ్లం: తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపులో మంట, పుల్లటి త్రేన్పులు, ఛాతీ పట్టేసినట్లు ఉండటం వంటి బాధలతో మందుల షాపుకు వెళ్లేవారిలో చాలామంది జీర్ణాశయంలోని ఆమ్లాన్ని ఎలాగైనా అణచివేయవలసిన శత్రువుగానే చూస్తారు. ఆ ఆమ్లం లేకపోతే తిన్న తిండిలోని కొన్ని పోషకాలు ఒంటికి పట్టవని, కలుషితమైన నీటితో లోపలికి వచ్చే క్రిములకు మొదటి అడ్డంకి తొలగిపోతుందని తెలిసినవారు తక్కువ. ఈ విషయంలో సాధారణంగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఇవి అవగాహన కోసమే. మీ వైద్యులు రాసిన మందును వీటిని చదివి సొంతంగా ఆపవద్దు, మోతాదు మార్చవద్దు.

కడుపులో ఊరేది నిజంగా యాసిడేనా?

అవును, అది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. ఇంగ్లండ్ వైద్యుడు విలియం ప్రౌట్ 1823లో జఠర రసాన్ని పరీక్షించి ఈ సంగతి తేల్చి చెప్పారు. పరగడుపున జఠర రసం పీహెచ్ సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది. పీహెచ్ అంకె ఒకటి తగ్గిందంటే ఆమ్లత్వం పది రెట్లు పెరిగినట్లు లెక్క కాబట్టి, 7 దగ్గర ఉండే మంచినీటితో పోలిస్తే ఇది ఎంత తీవ్రమైనదో ఊహించవచ్చు.

భోజనం చేసినప్పుడు ఆమ్లం ఎక్కువగా ఊరినా, ఆహారం దానిలో కొంత భాగాన్ని పీల్చుకోవడం వల్ల కడుపులోని ఆమ్లత్వం మొదట తగ్గి, పీహెచ్ 4 లేదా 5 వరకు కూడా పెరుగుతుంది. తర్వాత గంటా రెండు గంటల్లో మళ్లీ మెల్లగా కిందికి దిగుతుంది. ఆకలి మీద వచ్చే మంట నాలుగు ముద్దలు తినగానే కొందరికి నెమ్మదించడానికి ఇదే కారణం. ఆమ్లంతో పాటు పెప్సినోజెన్, శ్లేష్మం, లవణాలు కలిసిన జఠర రసం రోజుకు సుమారు రెండు లీటర్ల వరకు తయారవుతుంది.

ఇంత గాఢమైన ఆమ్లాన్ని శరీరం ఎలా తయారు చేస్తుంది?

జీర్ణాశయం పై భాగంలోను, మధ్య భాగంలోను లోపలి పొరలో సన్నని గుంటల్లాంటి గ్రంథులు ఉంటాయి. వాటిలోని పెరైటల్ కణాలు ఈ పని చేస్తాయి. విశ్రాంతిలో ఉన్న ఒక పెరైటల్ కణాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే దాని లోపల చిన్న చిన్న నాళికలు, తిత్తులు కిక్కిరిసి కనిపిస్తాయి. ఆమ్లాన్ని తోడే ప్రోటాన్ పంపులు వాటి గోడల్లో నిద్రాణంగా ఉంటాయి. ఆమ్లం కావాలన్న సంకేతం అందిన కొద్ది నిమిషాల్లో ఆ తిత్తులన్నీ కదిలి, కణం మధ్యలో ఉన్న కాలువ గోడతో కలిసిపోతాయి. ఆ గోడ వైశాల్యం ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగి, పంపులన్నీ పనిలోకి దిగుతాయి. ఒక్కో పంపు పొటాషియం అయాన్‌ను లోపలికి తీసుకుంటూ హైడ్రోజన్ అయాన్‌ను బయటికి నెడుతుంది. క్లోరైడ్ అయాన్లు వేరే దారిలో వచ్చి వాటితో కలుస్తాయి. రక్తంలో ఉన్నదానికన్నా పది లక్షల రెట్లకు మించిన సాంద్రతకు హైడ్రోజన్ అయాన్లను తోడవలసి ఉంటుంది కాబట్టి ఈ పనికి చాలా శక్తి ఖర్చవుతుంది. అందుకే ఈ కణాల నిండా మైటోకాండ్రియాలు ఉంటాయి.

ఆమ్లం ఒక వైపు నుంచి బయటికి వెళుతున్నప్పుడు, అదే కణం రెండో వైపు నుంచి బైకార్బనేట్ అనే క్షారం రక్తంలోకి చేరుతుంది. అందుకే భారీగా భోజనం చేసిన తర్వాత జీర్ణాశయం నుంచి వచ్చే రక్తంలో క్షారత్వం కాస్త పెరుగుతుంది.

తిండి వాసన తగలగానే కడుపులో కూడా ఆమ్లం ఊరుతుందా?

ఊరుతుంది. భోజనానికి ఊరే మొత్తం ఆమ్లంలో దాదాపు మూడో వంతు తిండి చూడటం, వాసన పీల్చడం, నమలడం వల్లనే వస్తుంది. మెదడు నుంచి వేగస్ నాడి ద్వారా వచ్చే సంకేతం దీనికి మూలం. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ కుక్కలపై చేసిన ప్రయోగాల్లో, మింగిన ఆహారం కడుపులోకి చేరకుండా మెడ దగ్గరే బయటికి వచ్చేలా శస్త్రచికిత్స చేసినా జఠర రసం ధారాళంగా ఊరింది. జీర్ణక్రియ మీద చేసిన ఈ కృషికే ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆహారం కడుపులోకి దిగాక గాస్ట్రిన్ అనే హార్మోన్ రంగంలోకి వస్తుంది. అది పొరుగున ఉన్న మరో రకం కణాలను ప్రేరేపించి హిస్టమిన్‌ను విడుదల చేయిస్తుంది. వేగస్ నాడి, గాస్ట్రిన్, హిస్టమిన్ మూడూ కలిసి పెరైటల్ కణం మీద పనిచేస్తాయి. ఆమ్లత్వం బాగా పెరిగినప్పుడు సొమాటోస్టాటిన్ అనే హార్మోన్ విడుదలై గాస్ట్రిన్‌ను అణుస్తుంది, అంటే ఆమ్లమే తన ఉత్పత్తికి పగ్గం వేసుకుంటుంది. ఈ అమరిక తెలిస్తే, ఆమ్లం తగ్గించే మాత్రను హఠాత్తుగా మానేసినప్పుడు మంట ఎందుకు తిరగబెడుతుందో అర్థం కావడం తేలిక.

ఒక ముద్ద పప్పన్నం లోపలికి వెళ్లాక ఏమవుతుంది?

అన్నంలోని పిండిపదార్థం మీద లాలాజలంలోని ఎంజైమ్ నోట్లోనే పని మొదలుపెడుతుంది. ముద్ద కడుపు పై భాగానికి చేరిన తర్వాత కూడా, ఆమ్లం దాని లోపలికి ఇంకే దాకా ఆ పని కొంతసేపు సాగుతూనే ఉంటుంది. ఆమ్లం ఇంకగానే ఆ ఎంజైమ్ ఆగిపోయి పప్పులోని మాంసకృత్తుల వంతు వస్తుంది. మాంసకృత్తు అణువులు చుట్టలు చుట్టుకుని, మడతలు పడి ఉంటాయి. ఆమ్లం ఆ మడతలను విప్పుతుంది. పెప్సినోజెన్ అనే నిద్రాణమైన పదార్థాన్ని పెప్సిన్‌గా మార్చేది కూడా ఆమ్లమే. విప్పిన మాంసకృత్తుల గొలుసులను పెప్సిన్ ముక్కలు ముక్కలుగా కత్తిరిస్తుంది. పెప్సిన్ పీహెచ్ 2 ప్రాంతంలో చురుగ్గా ఉంటుంది, ఆమ్లత్వం బాగా తగ్గితే చేతులెత్తేస్తుంది.

ముద్దలో కలిపిన నెయ్యి కడుపులో పెద్దగా జీర్ణం కాదు. కొవ్వు చిన్నపేగును తాకగానే కడుపు నెమ్మదించాలన్న సంకేతాలు వెనక్కి వస్తాయి. నెయ్యి, నూనె ఎక్కువైన భోజనం బరువుగా చాలాసేపు నిలిచి ఉన్నట్లు అనిపించడానికి కారణం ఇదే. చివరికి అంతా పలుచని గుజ్జుగా మారి, కొద్దికొద్దిగా చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి జారుతుంది. అక్కడ ఆమ్లం తగలగానే సెక్రెటిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, దానితో క్లోమం నుంచి బైకార్బనేట్ వచ్చి ఆ ఆమ్లాన్ని చల్లార్చుతుంది. లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ 1902లో కనుగొన్న ఈ సెక్రెటిన్‌తోనే హార్మోన్ల శాస్త్రానికి పునాది పడింది.

మాంసాన్ని కరిగించే ఆమ్లం కడుపు గోడను ఎందుకు కరిగించదు?

గోడ మీద ఉండే చిక్కటి శ్లేష్మం పొర, దానిలోకి కణాలు వదిలే బైకార్బనేట్ కలిసి ఆమ్లాన్ని దూరంగా ఉంచుతాయి. ఆ పొరకు కడుపు వైపున పీహెచ్ 2 ఉంటే, కణాలను ఆనుకున్న వైపున అది 7కు దగ్గరగా ఉంటుంది. మిల్లీమీటరులో కొద్ది భాగం మందమే ఉన్న పొరలో ఇంత తేడా నిలబడటం ఆశ్చర్యకరమైన విషయం. పైగా లోపలి పొర కణాలు కొద్ది రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తుంటాయి. గోడకు రక్తప్రసరణ కూడా పుష్కలంగా ఉంటుంది.

ఈ రక్షణనంతా నడిపే రసాయనాలు ప్రోస్టాగ్లాండిన్‌లు. కీళ్ల నొప్పులకు, ఒళ్లు నొప్పులకు తీసుకునే డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు, గుండె జబ్బు ఉన్నవారు వాడే యాస్పిరిన్ ఆ ప్రోస్టాగ్లాండిన్‌ల తయారీని అడ్డుకుంటాయి. ఆమ్లం పెరగకపోయినా రక్షణ తగ్గడం వల్లనే పుండు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు మందుల షాపులో అడిగి నెలల తరబడి వాడే నొప్పి మాత్రల వల్ల, ముందస్తు నొప్పి ఏదీ లేకుండానే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఇంట్లో అటువంటి వారు ఉంటే ఏ మాత్ర వాడుతున్నారో తప్పక కనుక్కోండి.

ఆమ్లం క్రిములను చంపుతుందన్నది నిజమేనా?

నిజమే. మింగిన బాక్టీరియాలో చాలా భాగం పీహెచ్ 3 లోపు ఉన్న జఠర రసంలో కొద్ది నిమిషాల్లోనే నశిస్తుంది. దీనికి బలమైన ఆధారం కలరా నుంచి వచ్చింది. స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారిపై అమెరికాలో జరిపిన ప్రయోగాల్లో, కలరా క్రిములను మామూలుగా మింగించినప్పుడు జబ్బు రావడానికి కోట్ల సంఖ్యలో క్రిములు కావలసి వచ్చింది. ముందుగా వంట సోడా ద్రావణంతో ఆమ్లాన్ని చల్లార్చి ఇచ్చినప్పుడు అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ సంఖ్యే సరిపోయింది. టైఫాయిడ్‌ను, విరేచనాలను కలిగించే సాల్మొనెల్లా జాతి క్రిముల విషయంలో కూడా ఆమ్లం ఇలాగే అడ్డుకట్టగా పనిచేస్తుంది.

వానాకాలంలో నీటి కాలుష్యం వల్ల విరేచనాలు ప్రబలే ప్రాంతాల్లో ఉండేవారు, ఆమ్లాన్ని పూర్తిగా అణిచే మాత్రలను అవసరం లేకుండా వాడకూడదనడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం. అవసరం ఉండి వాడేవారు కాచి చల్లార్చిన నీటి విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి.

రక్తహీనతకు, ఆమ్లానికి సంబంధం ఉందా?

రెండు విధాల సంబంధం ఉంది. ఆకుకూరల్లో, పప్పుల్లో, రాగుల్లో ఉండే ఇనుము ఫెర్రిక్ రూపంలో ఉంటుంది, పేగు దాన్ని సులభంగా తీసుకోలేదు. ఆమ్లం దాన్ని కరిగించి, పీల్చుకోదగిన ఫెర్రస్ రూపానికి మారడానికి తోడ్పడుతుంది. మాంసంలోని ఇనుముకు ఈ అవసరం తక్కువ. అందువల్ల శాకాహారుల విషయంలో ఆమ్లం లోపిస్తే ఆ నష్టం ఎక్కువగా ఉంటుంది. తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకోవడం మంచి అలవాటు, దానిలోని విటమిన్ సి కూడా ఇదే పనికి ఉపకరిస్తుంది. భోజనం కాగానే టీ తాగడం దీనికి సరిగ్గా విరుద్ధంగా పనిచేస్తుంది.

రెండోది విటమిన్ బి12. పాలు, పెరుగు, గుడ్లు, మాంసంలో ఇది మాంసకృత్తులకు అంటుకుని ఉంటుంది. ఆమ్లం, పెప్సిన్ కలిసి దాన్ని విడదీస్తాయి. ఆ తర్వాత దాన్ని చిన్నపేగు చివరిదాకా భద్రంగా చేర్చడానికి ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే పదార్థం కావాలి. దాన్ని తయారు చేసేవి కూడా ఆమ్లాన్ని ఇచ్చే పెరైటల్ కణాలే. శరీర రక్షణ వ్యవస్థే పొరబడి ఈ కణాలను నాశనం చేస్తే పెర్నీషియస్ అనీమియా వస్తుంది. బి12 లోపం రక్తహీనతతో ఆగదు, అరికాళ్లలో తిమ్మిర్లు, నడకలో తూలడం, మతిమరుపు కూడా రావచ్చు. మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడుతూ, దానికి తోడు ఏళ్ల తరబడి గ్యాస్ మాత్ర కూడా వేసుకునే శాకాహారులకు ఈ లోపం మూడు వైపుల నుంచీ పొంచి ఉంటుంది. వారు బి12 పరీక్ష గురించి వైద్యుడిని అడగడం మంచిది.

సజీవంగా ఉన్న మనిషి కడుపులో జరిగేది మొదట ఎవరు చూశారు?

అమెరికాలోని మాకినాక్ ద్వీపంలో 1822 జూన్ 6న తుపాకీ ప్రమాదవశాత్తు పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా యువకుడి పొట్టకు పెద్ద గాయమైంది. సైనిక వైద్యుడు విలియం బ్యూమాంట్ చికిత్సతో ప్రాణం దక్కింది కానీ, కడుపులోకి దారితీసే రంధ్రం మాత్రం పూడలేదు. మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కలను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రం గుండా లోపలికి దించి, గంట గంటకూ బయటికి లాగి అవి ఎంతవరకు కరిగాయో బ్యూమాంట్ చూసేవారు. బయటికి తీసిన జఠర రసాన్ని శరీరపు వేడిలో సీసాలో ఉంచితే, అందులో వేసిన మాంసం అక్కడ కూడా కరిగింది. జీర్ణక్రియ కేవలం నలగగొట్టడం కాదని, రసాయన చర్య అని దీంతో స్పష్టమైంది. ఈ ఫలితాలను ఆయన 1833లో పుస్తకంగా వెలువరించారు. కోపం వచ్చినప్పుడు సెయింట్ మార్టిన్ జీర్ణక్రియ మందగించిందని కూడా ఆయన గమనించారు. అయితే బీదవాడైన ఆ యువకుడు తన శరీరాన్ని ఏళ్ల తరబడి ప్రయోగాలకు అప్పగించవలసి రావడం ఈ కథలో మరచిపోకూడని భాగం.

ఛాతీలో మంట వస్తే ఆమ్లం ఎక్కువైనట్లేనా?

చాలామంది విషయంలో కాదు. మంటతో బాధపడే అనేకమందిలో ఆమ్లం మామూలు పరిమాణంలోనే ఊరుతుంది, కానీ ఉండవలసిన చోటు దాటి అన్నవాహికలోకి ఎగదన్నుతుంది. అన్నవాహికకు, కడుపుకు మధ్య ఉండే కండర వలయం మింగేటప్పుడు తెరుచుకుని మిగిలిన సమయంలో బిగుసుకుని ఉండాలి. అది మింగకుండానే మధ్యమధ్యలో సడలిపోవడం, పొట్ట చుట్టూ పెరిగిన కొవ్వు కడుపును నొక్కడం, కడుపు పై భాగం ఛాతీలోకి జారే హయటస్ హెర్నియా, పొగ తాగడం వంటివి కారణాలవుతాయి. అన్నవాహికకు కడుపుకు ఉన్నంత రక్షణ లేదు కాబట్టి అక్కడ మామూలు ఆమ్లం కూడా మండుతుంది. నిజంగానే ఆమ్లం విపరీతంగా ఊరే జోలింజర్-ఎలిసన్ వంటి జబ్బులు చాలా అరుదు.

గ్యాస్ సంగతి వేరు. కడుపు ఉబ్బరం, అపానవాయువు ఎక్కువగా మింగిన గాలి వల్ల, పెద్దపేగులో బాక్టీరియా పిండిపదార్థాలను పులియబెట్టడం వల్ల వస్తాయి. ఆమ్లం తగ్గించే మాత్ర ఆ గ్యాస్‌ను తగ్గించదు.

ఛాతీ నొప్పి గ్యాస్ వల్లనా, గుండె వల్లనా అని ఇంట్లోనే తెలుసుకోవచ్చా?

నమ్మకంగా తెలుసుకోలేము. ఈ పుటలో మిగిలినదంతా వదిలేసినా ఈ ఒక్క సమాధానం మాత్రం దయచేసి శ్రద్ధగా చదవండి. గుండెకు, అన్నవాహికకు నొప్పిని మెదడుకు చేర్చే నాడుల దారులు కలిసిపోయి ఉంటాయి. గుండె కింది భాగానికి రక్తం అందనప్పుడు నొప్పి పై పొట్టలో, వాంతి వచ్చేలా, అచ్చంగా అజీర్తిలాగే ఉండవచ్చు. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో, వయసు పైబడిన వారిలో గుండెపోటు నొప్పి లేకుండా చెమటలు, ఆయాసం, నీరసంగా మాత్రమే కనిపించడం కూడా అరుదు కాదు. త్రేన్పు వచ్చాక కొంచెం తేలికపడటం గానీ, యాంటాసిడ్ తాగాక నొప్పి తగ్గడం గానీ అది గుండె నొప్పి కాదనడానికి రుజువు కావు.

కొత్తగా వచ్చిన ఛాతీ నొప్పి, బరువు, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమట పట్టడం, మెట్లెక్కితే నొప్పి వచ్చి కూర్చుంటే తగ్గడం ఉంటే సోడా తాగి పడుకోబెట్టవద్దు. 108కి ఫోన్ చేసి, ఈసీజీ సదుపాయం ఉన్న ఆసుపత్రికి చేర్చండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా, వైద్యులు కాసేపు ఉండి మరోసారి తీయాలంటే, రక్త పరీక్ష చేయాలంటే ఉండండి. తెల్లవారాక చూద్దాంలే అన్న ఆలోచన వల్ల పోయే గుండె కండరం మళ్లీ రాదు.

కారం, ఆవకాయ తింటే అల్సర్ వస్తుందా?

కారం వల్ల పుండు పడదు. మిరపలోని కాప్సైసిన్ మంటను గ్రహించే నాడులను ప్రేరేపిస్తుంది కానీ కణజాలాన్ని కాల్చదు. అయితే ఇప్పటికే అన్నవాహిక ఒరిసిపోయి ఉన్నవారికి, కడుపు సున్నితంగా ఉన్నవారికి గుంటూరు కారం బాధను పెంచుతుంది. అటువంటివారు తగ్గించుకోవాలి.

అల్సర్లకు ప్రధాన కారణాలు రెండు: పైన చెప్పిన నొప్పి మాత్రలు, హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. ఈ రెండోదాన్ని ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్, బారీ మార్షల్ గుర్తించారు. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల పరీక్ష పళ్లేలు మామూలు కంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడంతో అది తొలిసారి పెరిగి కనిపించింది. ఆమ్లంలో ఏ క్రిమీ బతకదన్న నమ్మకం బలంగా ఉన్న రోజులవి. మార్షల్ 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి, కడుపు వాపు తెచ్చుకుని నిరూపించవలసి వచ్చింది. ఇద్దరికీ 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఈ క్రిమి యూరియేజ్ అనే ఎంజైమ్‌తో యూరియాను విడగొట్టి అమ్మోనియా తయారు చేసుకుని, తన చుట్టూ ఆమ్లాన్ని చల్లార్చుకుంటూ శ్లేష్మం పొరలో తలదాచుకుంటుంది. సాధారణంగా చిన్నతనంలోనే సోకుతుంది. అందరికీ జబ్బు తేదు కానీ కొందరికి అల్సర్‌ను, కొద్దిమందికి దీర్ఘకాలంలో జీర్ణాశయ క్యాన్సర్‌ను కలిగిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది.

దీనికి సాధారణంగా 14 రోజుల పాటు మూడు నాలుగు మందులు కలిపి ఇస్తారు. కాస్త నయమనిపించగానే మధ్యలో మానేస్తే క్రిమి మందులకు లొంగకుండా తయారవుతుంది. చికిత్స ముగిసిన నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షతో గానీ మల పరీక్షతో గానీ పోయిందో లేదో చూస్తారు. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి వైద్యుల సలహాతో ప్రోటాన్ పంపులను అణిచే గ్యాస్ మాత్రలు ఆపకపోతే, క్రిమి ఉన్నా లేదని ఫలితం రావచ్చు.

పాలు, మజ్జిగ, వంట సోడా, యాంటాసిడ్ సిరప్‌లు మంచివేనా?

చల్లటి పాలు కాసేపు హాయినిస్తాయి. తర్వాత వాటిలోని మాంసకృత్తులు, కాల్షియం మళ్లీ ఆమ్లాన్ని ఊరిస్తాయి. మజ్జిగ కొందరికి పడుతుంది, కొందరికి పడదు. వంట సోడా, నీళ్లలో వేయగానే పొంగే పొడులు ఆమ్లంతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వాయువును ఇస్తాయి, అందుకే తాగగానే త్రేన్పు వస్తుంది. వాటిలో సోడియం ఎక్కువ కాబట్టి రక్తపోటు, గుండె బలహీనత, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు తరచుగా తాగకూడదు. యాంటాసిడ్ సిరప్‌లలోని మెగ్నీషియం విరేచనం చేయిస్తుంది, అల్యూమినియం మలబద్ధకం చేస్తుంది. అందుకే రెంటినీ కలిపి తయారు చేస్తారు. ఎప్పుడో ఒకసారి వచ్చే మంటకు ఇవి చాలు. థైరాయిడ్ మాత్రకు, ఐరన్ మాత్రకు, కొన్ని యాంటీబయాటిక్‌లకు వీటికి మధ్య కొన్ని గంటల ఎడం పాటించాలి.

పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రను ఏళ్ల తరబడి వాడవచ్చా?

ఒమెప్రజోల్, పాంటాప్రజోల్, రాబెప్రజోల్ వంటివి ప్రోటాన్ పంపుకు శాశ్వతంగా అతుక్కుని దాన్ని పనిచేయకుండా చేస్తాయి. పనిచేస్తున్న పంపులకే ఇవి అతుక్కుంటాయి. అందుకే భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి, తిన్నాక వేసుకుంటే ప్రయోజనం తగ్గుతుంది. మాత్ర వేసుకుని ఏమీ తినకపోవడం కూడా సరికాదు. పూర్తి ఫలితం కనిపించడానికి కొద్ది రోజులు పడుతుంది.

ఇవి గొప్ప మందులు. అల్సర్ కోసం కడుపులో సగం కోసి తీసే శస్త్రచికిత్సలు ఒకప్పుడు సర్వసాధారణం. హిస్టమిన్‌ను అడ్డుకునే సిమెటిడిన్, దాని తర్వాత వచ్చిన ఈ మందులు ఆ పరిస్థితిని మార్చేశాయి. సిమెటిడిన్‌ను కనుగొనడంలో ముందున్న జేమ్స్ బ్లాక్‌కు 1988 నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. అన్నవాహిక తీవ్రంగా ఒరిసిపోయినవారు, అన్నవాహిక లోపలి పొర మారిపోయే బారెట్స్ స్థితి ఉన్నవారు, యాస్పిరిన్ తప్పనిసరిగా వాడవలసి ఉండి రక్తస్రావ ప్రమాదం ఉన్నవారు వీటిని దీర్ఘకాలం వాడవలసిందే. దుష్ప్రభావాల భయంతో అటువంటివారు మానేయడం ప్రమాదకరం.

బాధ పడవలసినది వేరొకచోట ఉంది. జ్వరానికి యాంటీబయాటిక్ రాసినా, నడుము నొప్పికి మాత్ర రాసినా చీటీలో ఒక గ్యాస్ మాత్ర జతచేయడం మన దగ్గర ఆనవాయితీగా మారింది. వారం కోసం రాసిన ఆ మాత్రను రోగి ఏళ్ల తరబడి కొనుక్కుంటూనే ఉంటాడు. దీర్ఘకాల వాడకం వల్ల బి12, మెగ్నీషియం తగ్గవచ్చు, పేగుల్లో ఇన్ఫెక్షన్‌ల అవకాశం పెరుగుతుంది. ఎముకలు విరగడానికి, మూత్రపిండాల సమస్యలకు కూడా సంబంధం కనిపించింది కానీ, మందే కారణమని గట్టిగా తేలలేదు. స్టెంట్ వేయించుకుని, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఒమెప్రజోల్ తగదు, దాని బదులు వేరేది ఎంచుకుంటారు. మాత్ర పేరు చివర డీ అనో డీఎస్‌ఆర్ అనో ఉంటే అందులో డోమ్‌పెరిడోన్ కూడా కలిసి ఉంటుంది. అది గుండె లయను దెబ్బతీసే అవకాశం ఉంది కాబట్టి వైద్యుడు చెప్పనిదే కొనవద్దు.

మాత్ర ఆపగానే మంట రెట్టింపైంది. అంటే జీవితాంతం వాడాలా?

అక్కర్లేదు. ఆమ్లం తగ్గిందని గ్రహించిన శరీరం మాత్ర వాడినన్నాళ్లూ గాస్ట్రిన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. మాత్ర ఆగగానే ఆ పెరిగిన గాస్ట్రిన్ వల్ల ఆమ్లం ఒక్కసారిగా ఎగసిపడుతుంది. కడుపు జబ్బు ఏదీ లేని ఆరోగ్యవంతులకు కొన్ని వారాలు ఇచ్చి ఆపినప్పుడు కూడా మంట వచ్చిందని అధ్యయనాల్లో తేలింది. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మాత్ర మొదలుపెట్టడం వల్ల ఇది తెగని చక్రంలా నడుస్తుంది. వైద్యుల సలహాతో మోతాదు సగం చేసి, తర్వాత రోజు విడిచి రోజుకు మార్చి, మధ్యలో మంట వస్తే యాంటాసిడ్ వాడుతూ కొన్ని వారాలు ఓపిక పడితే చాలామంది మానగలుగుతారు.

మందులు లేకుండా మంట తగ్గే మార్గాలు ఉన్నాయా?

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేవి మూడు: పొట్ట తగ్గించుకోవడం, రాత్రి భోజనానికి నిద్రకు మధ్య కనీసం మూడు గంటల ఎడం, పొగాకు మానడం. రాత్రి పదకొండింటికి బిర్యానీ తిని వెంటనే మంచమెక్కేవారికి ఏ మాత్రా పూర్తిగా పనిచేయదు. రాత్రి మంట వచ్చేవారు మంచం తలవైపు కోళ్ల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తు చెక్కలు పెట్టుకోవాలి. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుందే తప్ప లాభం లేదు. ఎడమ వైపు తిరిగి పడుకుంటే ఆమ్లం పైకి రావడం తగ్గుతుంది. టీ, కాఫీ, చింతపులుసు, మిర్చి బజ్జీల్లో ఏది పడదో మనిషిని బట్టి మారుతుంది. అన్నీ మానేసి చప్పిడి తిండి తినడం కంటే ఏది తిన్నప్పుడు బాధ వచ్చిందో గమనించుకుని దాన్ని తగ్గించుకోవడం మేలు.

భోజనం మధ్యలో నీళ్లు తాగితే ఆమ్లం పలచబడి తిండి అరగదన్న మాట నిజం కాదు. కడుపు తనకు కావలసిన ఆమ్లాన్ని మళ్లీ ఊరించుకుంటుంది. యాపిల్ సైడర్ వెనిగర్ మంటను నయం చేస్తుందనడానికి సరైన ఆధారం లేదు, పైగా పళ్ల మీది ఎనామిల్ దెబ్బతింటుంది.

గర్భిణులకు, చంటిపిల్లలకు ఏమిటి దారి?

గర్భంతో ఉన్నప్పుడు ప్రొజెస్టెరాన్ హార్మోన్ కండర వలయాన్ని సడలిస్తుంది. నెలలు నిండేకొద్దీ గర్భాశయం కడుపును పైకి నొక్కుతుంది. కాన్పుతో ఇది సాధారణంగా తగ్గిపోతుంది. కొద్దికొద్దిగా తినడంతో సర్దుకోకపోతే వైద్యురాలు సూచించిన యాంటాసిడ్ వాడవచ్చు, వంట సోడా మాత్రం వద్దు. పాలు తాగాక కక్కే పసిపిల్లలు బరువు చక్కగా పెరుగుతుంటే మందులు అవసరం లేదు, చాలామందిలో ఏడాది నిండే వేళకు అది ఆగిపోతుంది. పసరు రంగు వాంతి, రక్తం, బరువు పెరగకపోవడం ఉంటే వెంటనే పిల్లల వైద్యుడికి చూపించాలి.

ఎండోస్కోపీ ఎప్పుడు తప్పదు?

ముద్ద గొంతు దిగకుండా అడ్డుపడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తపు వాంతి అయినా, మలం నల్లగా జిగటగా తారులా వస్తున్నా, రక్తహీనత బయటపడినా, వాంతులు ఆగకపోయినా ఆలస్యం చేయకూడదు. రక్తపు వాంతి, తారు లాంటి మలం అత్యవసర లక్షణాలు, వాటికి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వాడేవారికి కూడా మలం నల్లగా వస్తుంది. ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పండి. యాభై ఏళ్లు దాటాక మొదటిసారిగా అజీర్తి మొదలైనవారు కూడా పరీక్ష గురించి అడగాలి. పరీక్షకు ఆరు నుంచి ఎనిమిది గంటల ముందు నుంచి ఏమీ తినకుండా ఉండాలి. గొంతులో మత్తు మందు స్ప్రే చేసి సన్నని గొట్టాన్ని లోపలికి పంపుతారు. చూడటం సాధారణంగా పది నిమిషాల లోపే పూర్తవుతుంది. అవసరమైతే అదే సమయంలో హెలికోబాక్టర్ పరీక్ష కోసం చిన్న ముక్క తీస్తారు, ఆ ముక్క తీసినప్పుడు నొప్పి తెలియదు.